మాట రాని పిల్ల గచ్చుకు వేసిన మాట

ముందే చెబుతున్నాను, నేను బడికి పోయినదాన్ని కాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను నోటితో చెబుతూ పోతే రాసినవాళ్ళు దీన్ని కాస్త పుస్తకం మాట చేశారు. చేసుకోనివ్వండి. నా గొంతు ఎలాగూ కాగితం మీద వినపడదు. వడ్ల దుమ్ము తిని తిని అది బొంగురుపోయి చాలా కాలమైంది. ఫోన్‌లో మాట్లాడితే కొత్తవాళ్ళు నన్ను "అన్నా" అంటారు.

ఇప్పుడు మిల్లు పనికి వచ్చే ఆడపిల్లలకు చెబుదామనుకున్న సంగతి ఇది. మీరు వచ్చేసరికి వడ్లు ఆరబెట్టే యంత్రాలు వచ్చేశాయి. మా కాలంలో ఉప్పుడు బియ్యం మిల్లు అంటే ముందు గచ్చు. ఉడికించిన వడ్లను ఆ సిమెంటు గచ్చు మీద పరిచి, ఆడవాళ్ళం ఒకరి వెనక ఒకరం నడుస్తూ కాళ్ళతో తిరగేసేవాళ్ళం. కింద గచ్చు కాలుతుంది, పైన నెత్తి కాలుతుంది, ఒడ్డున సూపర్‌వైజరు గొడుగు పట్టుకుని మమ్మల్నే చూస్తుంటాడు. ఆయన ముందు మాట్లాడుకోవడానికి మాకంటూ ఒక భాష ఉండేది. గచ్చు మాట అనేవాళ్ళం.

దాన్ని ఎవరు పుట్టించారో నాకు తెలియదు. నేను పనిచేసింది మూడు ఊళ్ళలో. మొదట సూర్యాపేట యార్డు, తర్వాత మిర్యాలగూడ మిల్లు, చివర కోదాడ మిల్లు. మూడు చోట్లా గచ్చు మాట ఉంది, మూడు చోట్లా మూడు తీర్లుగా ఉంది. సూర్యాపేటలో అది అరుపు. హమాలీల కేకలు, ట్రాక్టర్ల మోత, వాటి మధ్య అరవకపోతే ఎవరికి వినపడుతుంది? అక్కడ సూపర్‌వైజరును కొంగ అంటారు, ఒక్క చోటే నిలబడి కన్ను తిప్పుతాడని. మబ్బు పడితే 'చుట్టాలు దిగుతున్నరు' అంటారు. మిర్యాలగూడ మిల్లు లోపలి చప్పుడుకు అరుపు కూడా పనికిరాదు. అందుకని అక్కడ గచ్చు మాట సగం పెదవులతో, సగం వేళ్ళతో నడుస్తుంది. ముక్కు కింద వేలు అడ్డం పెడితే సూపర్‌వైజరు. మీసం అన్నమాట. మీసం లేని మనిషి ఆ ఉద్యోగంలోకి వచ్చినా వేలు మాత్రం అక్కడే ఉండేది. ఇక కోదాడలో అది రాగం. ఆంధ్ర పక్కనే కదా, మాటను సాగదీస్తారు. వరసలో వెనకున్నామె పాటలా ఎత్తుకుంటే ముందున్నామె అందుకుంటుంది. అక్కడ సూపర్‌వైజరు బావగారు. 'బావగారికి పొద్దున టీ అందలేదో ఏమో' అని ఆయన ఎదురుగానే పాడితే, పాట బాగుందని ఆయనే తల ఊపేవాడు.

మాది అసలు, మీది నకలు అని మూడు ఊళ్ళవాళ్ళూ పోట్లాడుకునేవాళ్ళు. నేను మూడూ మాట్లాడతాను కాబట్టి నాకు ఆ పోట్లాట చూస్తే నవ్వు.

ఇన్ని తీర్లు ఎందుకు వచ్చాయంటే, మాకు ఒక ఆచారం ఉంది. కొత్తగా గచ్చు ఎక్కిన ప్రతి ఆడమనిషీ ఒక మాట వేయాలి. మధ్యాహ్నం సద్దులు విప్పుకునే చోట అందరూ కూర్చున్నాక, మధ్యలో కూర్చుని, ఇంతవరకు గచ్చు మాటలో లేనిది ఒకటి ఇవ్వాలి. వచ్చే అమావాస్య సెలవు లోపల ఎవరో ఒకరు నిజంగా అవసరం పడి ఆ మాట వాడారంటే ఆమె మనది. ఎవరూ వాడకపోతే ఆమె ఇంకో గచ్చు చూసుకోవాలి. మా ఆయన హమాలీ. ఆయన పోయాక నేను సూర్యాపేట యార్డు ఎక్కినప్పుడు నేనూ వేశాను. మాది ఆత్మకూరు వైపు, కాలువ నీళ్ళ కోసం తూము దగ్గర కాచుకుని పెరిగినదాన్ని. తూమెత్తితే నీళ్ళే పారతాయి, మనిషి కూర్చోవచ్చు. అందుకని కాసేపు కూర్చుందాం అనడానికి 'తూమెత్తుదామా' అన్నాను. మరునాటికే వాడారు. అలసిపోయిన జనానికి ఆ మాట అంత తొందరగా పనికొచ్చింది.

మిర్యాలగూడలో నేను మేస్త్రిని అయ్యాను. అప్పుడే ఆ పిల్ల వచ్చింది. దామరచర్ల అవతల ఒక తండా పిల్ల. పుట్టుకతోనే చెవులు వినపడవు, అందుకే మాటా లేదు. తండాలో తల్లి ఒక భాష మాట్లాడుతుంది, ఊళ్ళో ఇంకో భాష నడుస్తుంది, ఆ పిల్లకు రెండూ ఒకటే. పిలవాలంటే భుజం తట్టాలి, తట్టి ఏదో ఒక పని చూపించాలి. అంతకుమించి ఆమెతో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. మిల్లు చప్పుడులో మేమందరం చెవిటివాళ్ళమే కదా. వేళ్ళతో, పెదవులతో మాట్లాడుకునే ఆడవాళ్ళను చూసి ఆ పిల్ల మొదటిరోజు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వారం తిరిగేసరికి ముక్కు కింద వేలు పెట్టి, దాన్ని ఒక పక్కకు వంకర తిప్పి, సూపర్‌వైజరు నడక నడిచి చూపించింది. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వింది. తను చెప్పిన మాటకు పదిమంది నవ్వడం ఆమెకు అదే మొదలు. అది ఆమె మొహంలోనే తెలిసింది. నోరు లేని పిల్ల కదా అని అక్కడ ఆమెను మాట వెయ్యమని ఎవరూ అడగలేదు.

తర్వాత ఆ మిల్లులో యంత్రం పెట్టారు. గచ్చు మీద గోడౌను కట్టారు. నన్ను కోదాడ మిల్లుకు మేస్త్రిగా పిలిచారు. నాతో ఇద్దరు మిర్యాలగూడ ఆడవాళ్ళనూ, ఆ పిల్లనూ తీసుకుపోయాను.

కోదాడ గచ్చుకు పెద్ద దిక్కు ఒక ముసలామె. అందరూ పెద్దమ్మా అనేవాళ్ళు. మనిషి బక్కది, రాగం మాత్రం మిల్లు ప్రహరీ దాటి రోడ్డు దాకా పోయేది. మేస్త్రిని నేనే అయినా వరసను నడిపేది ఆమె. మేం దిగిన రోజే నన్ను ఎగాదిగా చూసింది.

"మేస్త్రమ్మా, సూర్యాపేట గొంతు తెచ్చావు, మిర్యాలగూడ చేతులు తెచ్చావు. పనిచేసే కాళ్ళు ఏమన్నా తెచ్చావా?"

"కాళ్ళు ఉన్నయ్ పెద్దమ్మా. నీ రాగం అయిపోయినంక సూపిస్త."

"అయితే ఇయ్యాల చూసేది లేదులే," అని పక్కనున్నామె అనేసరికి అందరూ నవ్వారు. అట్లా కలిశాం మేం.

ఆ పిల్లతోనే వచ్చింది చిక్కు. కోదాడలో వరస అంటే అందరి మొహాలూ ఒకే వైపు. మాట వెనక నుంచి రాగంలో వస్తుంది, చూడాల్సిన పని లేదు. మిర్యాలగూడలోలా ఎదురెదురుగా నడవరు. కాళ్ళు చలాకీవని నేను ఆ పిల్లను అందరికన్నా ముందు పెట్టాను. ముందున్న మనిషికి ఎవరి పెదవులు కనిపిస్తాయి? అదొక్కటీ నాకు తట్టలేదు. ఒకరోజు వడ్ల లారీ గచ్చు పక్కగా వెనక్కి వస్తోంది. వెనక వాళ్ళు రాగం ఎత్తారు, వరస మొత్తం పక్కకు జరిగింది. ఆ పిల్ల మాత్రం తన మానాన తను వడ్లు తిరగేస్తూ లారీకి అడ్డంగా పోతోంది. నేను గచ్చు అవతలి కొసన ఉన్నాను. పెద్దమ్మే పరిగెత్తి జడ పట్టుకుని లాగింది. ఆ లాగుడుకు పిల్ల ఇటు పడింది, పెద్దమ్మ అటు మోకాలి మీద పడింది. లారీ ఆగింది. డ్రైవరు దిగి మొత్తుకున్నాడు.

సూపర్‌వైజరు వచ్చి, "ఈమెకు వినపడదని నాకు ముందు ఎందుకు చెప్పలేదు? ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతది. మీరు మీరు ఒప్పుకుంటేనే వరసలో ఉంచండి. లేదంటే పంపించెయ్యండి," అని మా నెత్తిన పెట్టి పోయాడు.

పెద్దమ్మ చీర దులుపుకుంటూ లేచింది. "పిల్ల మంచిదే మేస్త్రమ్మా. నేను కాదన్ను. కానీ రోజూ నేను పరిగెత్తగలనా? వినపడని మనిషికి గచ్చు మాట ఎట్లా వచ్చిద్ది?"

"మీకంటే ముందుగాల వచ్చు దానికి. మిర్యాలగూడలో నేర్చుకున్నది."

"అది మిర్యాలగూడ సంగతి. ఇది కోదాడ. ఆచారం ఉంది కదా, మాట వెయ్యమను. అమావాస్య దాకా చూద్దాం."

న్యాయమే. నేను కాదనలేదు.

ఆ పూట ఆ పిల్లకు జరిగింది చెప్పాను, వేళ్ళతో. మేం ఇద్దరం ఒకే కిరాయి గదిలో ఉండేవాళ్ళం. అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసింది. ఇల్లు అన్నట్టు రెండు చేతులు కప్పులా పెట్టి, ఆ చేతుల్నే తీసి ఒళ్ళో పడేసుకుంది. కదలకుండా. తండాకు పోతే నా చేతులు ఇట్లా ఉంటాయి అని. కూలి ఎక్కడైనా దొరుకుతుంది బిడ్డా, మిరపకాయలు ఏరుకోవచ్చు, పత్తి తీసుకోవచ్చు అని చెబుదామనుకున్నాను. ఆ ఒళ్ళో పడ్డ చేతులు చూశాక నాకు కూలి సంగతి మాట్లాడబుద్ధి కాలేదు.

మరునాడు సద్దుల దగ్గర ఆమెను మధ్యలో కూర్చోబెట్టాను. అక్కడ నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఆమె నోరు నేనే అనుకుని, ముందే ఒక మాట అల్లి పెట్టుకున్నాను. సెల్‌ఫోన్‌కు గచ్చు మాటలో పేరు లేదు కదా అని, "ఈ పిల్ల మాట గిదీ, సెల్లును గువ్వ అందాం," అని గట్టిగా చెప్పాను. చెప్పి చుట్టూ చూశాను, మెచ్చుకుంటారని.

పెద్దమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి అప్పుడు అడిగింది. "గువ్వ ఎవరిది? నీదా, దానిదా?"

"దానిదే. నేను సెప్తున్న, అంతే."

"నీది నువ్వు సూర్యాపేటలో వేసేశావుగా. ఒక మనిషికి రెండు మాటలేంది? మేస్త్రమ్మ అని వదిలేస్తే రేపు మా కోడళ్ళ తరఫున మేమే వేస్తాం."

"వెయ్యకు అత్తా, నీ మాట వేస్తే నేను గచ్చు దిగి పోవాల్సిందే," అంది ఆమె కోడలు. అందరూ పగలబడి నవ్వారు. నా మొహం మాడిపోయింది.

ఆ నవ్వులోనే ఆ పిల్ల నా చెయ్యి పట్టి కిందికి లాగింది, కూర్చో అని. లేచి నిలబడింది. గచ్చు మీద వడ్లు తిరగేస్తున్నట్టు నాలుగు అడుగులు వేసింది. పొత్తికడుపు పట్టుకుని వంగింది. ముందుకు చూసింది, వెనక్కి చూసింది, చెప్పుకోలేనట్టు పెదవి కొరికింది. అప్పుడు అరచెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, నెత్తి మీది గంపను పక్కామె నెత్తికి మార్చినట్టు, ఆ చేతిని మెల్లగా పక్కకు వంచింది. తర్వాత తనే పక్కామె అయింది. ఏమీ అడగకుండా, మొహం కూడా చూడకుండా, ఆమె చోటులోకి జరిగి ఆమె వడ్లు తిరగేసింది.

మాకందరికీ తెలిసింది. నా వంతు కాసేపు నువ్వు ఎత్తుకో, ఎందుకని అడగకు. అంత పొడుగు సంగతి ఆ చిన్న వంపులో ఉంది. ఇట్లాంటిది మూడు ఊళ్ళ గచ్చు మాటలోనూ లేదు. నీళ్ళకు ఉంది, వానకు ఉంది, సూపర్‌వైజరును తిట్టడానికి ఎన్నో ఉన్నాయి. నాకు ఇవాళ చేతకావడం లేదని చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. సూర్యాపేటవాళ్ళం దాన్ని అరిచి చెప్పలేం. కోదాడవాళ్ళు రాగం తీసి చెప్పలేరు.

పెద్దమ్మ మాత్రం, "గొంతులో పలకనిది మాటెట్లా అవుద్ది?" అంది. అంది కానీ వద్దనలేదు. "అమావాస్య దాకా చూద్దాం," అనే అంది మళ్ళీ.

చూశాం. ఆ పిల్లను గచ్చు అంచున చీపురుతో పెట్టాను, లారీ దారికి దూరంగా. ఒకరోజు పోయింది, ఇంకోరోజు పోయింది. ఎవరూ ఆ చెయ్యి వంచలేదు. కోదాడవాళ్ళు పంతం పట్టారని మీరు అనుకోవద్దు. నొప్పి దాచుకోవడం మాకందరికీ అలవాటు. వరసలో నడవలేనిదని పేరు పడితే మరుసటి సీజనుకు పిలుపు రాదు. దాచుకునే అలవాటు ఎంత ముదిరిందంటే, దాచుకున్నది దించుకోవడానికి ఒక చోటు చూపించినా చెయ్యి లేవడం లేదు.

నాతో వచ్చిన మిర్యాలగూడ ఆడవాళ్ళలో ఒకామె నా చెవిలో గొణిగింది. "అక్కా, రేపు నేనే కడుపునొప్పని చెయ్యి వంచుత. ఎవరికి తెలుస్తది? పిల్ల నిలబడ్తది కద."

"నొప్పి ఉన్నదా నీకు?"

"లేదు."

"అయితె వంచకు."

"గంత నియమమెందుకే? పిల్ల పోతాంటె సూస్త కూసుంటవా?"

"దొంగ నొప్పికి వాడితే అది దొంగ మాటయితది. పిల్ల గచ్చు మీద నిలబడాలె గని, మన జాలి మీద కాదు."

ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాట తిప్పుకోలేదు. లోపల భయం లేక కాదు, ఉంది. కానీ ఆ పిల్ల వేసిన మాట నాకు తెలుసు. అది పనికొచ్చే మాట. పనికొచ్చేది ఎప్పటికైనా వాడకానికి వస్తుంది. అమావాస్య ఒక్కటే తొందరపడుతోంది.

అమావాస్య ముందురోజు వచ్చింది. ఎండ మండిపోతోంది, గచ్చు నిండా వడ్లు పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక కృష్ణా నది వైపు నుంచి నల్లగా లేచింది మబ్బు. "పెళ్ళివారొచ్చేరో" అని కోదాడ రాగం ఎత్తారు. వాన అని. ఆరిన వడ్లు తడిస్తే మిల్లు మొత్తం మా మీద పడుతుంది. కుప్ప చెయ్యాలి, పరదాలు కప్పాలి. సూపర్‌వైజరు గొడుగు పారేసి గచ్చు చుట్టూ పరిగెడుతూ ఎవరి కాళ్ళు ఆగుతున్నాయా అని చూస్తున్నాడు.

వడ్లు కుప్పకు లాగడానికి పెద్ద చెక్కపలక ఉంటుంది. రెండు వైపులా తాళ్ళు. ఇద్దరు తాళ్ళు భుజానికి వేసుకుని లాగితే వెనక ఒకరు అదిమి పడతారు. ఒక తాడు పెద్దమ్మది. అది ఎప్పుడూ ఆమెదే, ఎవరూ అడగరు. రెండు దఫాలు లాగింది. మూడోసారి నేను చూస్తున్నాను, ఆమె కుడికాలు నేలకు ఆనడం లేదు. లారీ రోజు పడ్డ మోకాలు. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరికీ కనపడనివ్వకుండా నడిచింది. ఇప్పుడు మోకాలు వణుకుతోంది, మొహం మాత్రం మామూలుగా పెట్టింది. రాగం కూడా ఆపలేదు.

అరిచి పిలుద్దామా అనుకున్నాను. నేను అరిస్తే సూపర్‌వైజరు వింటాడు. ఈ ముసలామె పని అయిపోయిందని అదే రోజు తేలిపోతుంది. నోరు తెరిచి మూసుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ అరచెయ్యి లేచింది. తలగుడ్డ సర్దుకుంటున్నట్టు నెత్తి మీద పెట్టుకుని, పక్కకు వంచింది.

ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఎవరైనా చూస్తారన్న నమ్మకంతో కూడా కాదేమో, ఊరికే వంచింది. మేమందరం వడ్ల మీద వంగి ఉన్నాం. గచ్చు మీద ఎప్పుడూ తల ఎత్తి ఉండే కళ్ళు రెండే. వినపడదు కాబట్టి ఆ పిల్ల కళ్ళు అందరి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. చీపురు కింద పెట్టింది. పరిగెత్తలేదు. పరిగెత్తితే సూపర్‌వైజరు చూస్తాడని ఆమెకు తెలుసు. పని మీద వచ్చినట్టు వచ్చి, పెద్దమ్మ భుజం కిందకు దూరి, తాడు తన భుజానికి మార్చుకుని లాగింది. మొహం వైపు చూడలేదు. ఆ పిల్ల వదిలేసిన అంచులోకి ఇంకొకామె జరిగింది, ఎవరూ చెప్పకుండానే. వరసలో ఖాళీ మూసుకుపోయింది.

పెద్దమ్మ మెల్లగా కుప్ప దగ్గరికి పోయి, పరదా కొస మీద కూర్చుంది. గాలికి పరదా లేవకుండా పట్టుకోవడం తన పనే అయినట్టు కూర్చుంది. సూపర్‌వైజరు ఆమె పక్కనుంచే పోతూ, "గట్టిగా పట్టుకో పెద్దమ్మా," అన్నాడు.

"పట్టుకునే ఉన్నా బావగారూ," అంది రాగంలో.

వాన పడేసరికి వడ్లన్నీ కప్పేశాం. అందరం రేకుల షెడ్డు కింద చేరాం, తడిసిన తలగుడ్డలు పిండుకుంటూ. ఆ రోజు ఒక్కరూ మోకాలి సంగతి ఎత్తలేదు. కోడలు కూడా. అడగకూడదన్నది ఆ మాటలోనే ఉంది కదా. ఆ పిల్ల మాత్రం భుజం మీద తాడు ఒరుసుకున్న చోట తడుముకుంటూ, అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తోంది.

పెద్దమ్మ నన్ను పిలిచింది. "మేస్త్రమ్మా, సెలవయ్యాక ఆ పిల్లను వరసలో నా పక్కన పెట్టు. నా కొంగు కొస దాని చేతికి ఇస్తా. లారీ వస్తే లాగుతా."

"మరి నీకు కాలు..." అనబోయాను, సూర్యాపేట నోరు కదా.

"ఏంది?" అంది పెద్దమ్మ కళ్ళు పెద్దవి చేసి.

"ఏం లేదు పెద్దమ్మా," అన్నాను.

ఆ పిల్లకు వేళ్ళతో చెప్పాను, నువ్వు ఉంటున్నావని. చెప్పకముందే ఆమెకు తెలిసిపోయినట్టుంది. నా చేతులు పూర్తి కాకముందే తన చేతులు మాట్లాడటం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత రెండు సీజన్లకే నాకు కూడా కాళ్ళు మొరాయించాయి. ఇంటికి వచ్చేశాను. కోదాడ గచ్చు కూడా ఇప్పుడు లేదు. ఆ పిల్ల అదే మిల్లులో యంత్రం దగ్గర పనిచేస్తోంది. ఆ మోతలో ఆమెను మించిన మాటకారి లేదని అంటారు.

మొన్నామధ్య సూర్యాపేట యార్డుకు పనిపడి పోయాను. వడ్ల రాశుల దగ్గర ఒక చిన్నది చాట పట్టుకుని చెరుగుతోంది. ఉన్నట్టుండి "హుప్" అని చిన్న కూత పెట్టి, అరచెయ్యి నెత్తి మీద పెట్టి పక్కకు వంచింది. పక్కనున్నామె మాట్లాడకుండా చాట అందుకుంది. సూర్యాపేటవాళ్ళు కదా, ఏదైనా సరే నోటితో ఇంత చప్పుడు చెయ్యకపోతే తోచదు. నాకు నవ్వాగలేదు. చిన్నది పోయి నీడలో కూర్చుంటే దగ్గరికి పోయి అడిగాను.

"బిడ్డా, గా సెయ్యి వంచుడు ఏడ నేర్సినవ్? కోదాడోళ్ళదా?"

చిన్నదానికి కోపం వచ్చింది. "కోదాడోళ్ళదేంది అవ్వా? గిది మా సూర్యాపేటదే. ముందునుంచి ఉన్నదే. మా అత్త గూడ గిట్లనే అంటది."

సరే బిడ్డా అన్నాను. వాదించలేదు. ఒక మాట గురించి "ముందునుంచి ఉన్నదే" అనేశాక, దాన్ని వేసిన మనిషిని ఏ గచ్చు మీద నుంచీ ఎవరూ దించలేరు.